ఉగాది తర్వాత వెళ్తే తోటలో పూలు ఉంటాయా?

ముందు మీ ప్రశ్న ఒకసారి క్లుప్తంగా. మీరు రాయగడలో ఉంటున్నారు. పిల్లల పరీక్షలు అయిపోయాక, ఉగాది దాటిన వారంలో, అమ్మగారినీ నాన్నగారినీ తీసుకుని భువనేశ్వర్‌లో ఏకామ్ర కానన్ చూసి రావాలని అనుకుంటున్నారు. వసంతం కాబట్టి తోట నిండా పూలు ఉంటాయని మీ ఆశ. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, చిన్నబాబుకి అప్పుడప్పుడు ఆయాసం. ఆ రోజుల్లో వెళ్లొచ్చా, వెళ్తే ఎలా చూడాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. మడుల నిండా పూలు చూడాలంటే ఉగాది తర్వాత వెళ్లకండి. రథసప్తమికీ శివరాత్రికీ మధ్య ఉన్న మూడు వారాల్లో వెళ్లండి. పిల్లల స్కూల్‌కి ఒక శుక్రవారం, ఒక శనివారం సెలవు పెట్టించినా ఫరవాలేదు. ఏప్రిల్ తప్ప కుదరదంటే అప్పుడు చూడాల్సినవి వేరు, వెళ్లాల్సిన చోట్లు కూడా వేరు. వాటి గురించి కింద వివరంగా రాశాను.

నేను బరంపురం దగ్గర నర్సరీ నడుపుతాను. పార్కులకీ, స్కూళ్లకీ, ఆఫీసుల ముందుండే మడులకీ సీజనల్ మొక్కలు పెంచి ఇవ్వడం మా పని. అందుకే తోటలో పూలు ఏ వారంలో నిండుగా ఉంటాయో, ఏ వారంలో మాలీలు వాటిని పీకేస్తారో దగ్గర్నుంచి చూస్తూ ఉంటాను. మార్చి చివర్లో దూరాల నుంచి పిల్లాపాపలతో వచ్చి, ఖాళీ మడుల ముందు నిలబడి "పూలేవి?" అని అడిగేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది. తప్పు వాళ్లది కాదు. వసంతం అంటే పూలకాలం అని మనందరికీ చిన్నప్పటి నుంచీ చెప్పారు.

ఆ మాట నిజమే, కానీ అది చెట్ల సంగతి. మామిడి పూత, మోదుగ, బూరుగ, అశోకం, వేప, సంపెంగ, కానుగ. మన కవులు వసంతంలో చూసి పాడుకున్నవి ఎక్కువగా చెట్ల పూలే. పార్కులో వరుసలు తీర్చిన మడుల్లో కనిపించేవి వేరు. బంతి, డాలియా మెక్సికో నుంచి వచ్చాయి. పిటూనియా దక్షిణ అమెరికాది. ఫ్లాక్స్ టెక్సస్‌ది. ఎర్రటి సాల్వియా బ్రెజిల్‌ది. స్నాప్‌డ్రాగన్, కాలెండ్యులా మధ్యధరా సముద్రం చుట్టుపక్కలవి. చలి దేశాల్లో వీటిలో చాలావాటిని మంచు పోయాక నాటి, వాళ్ల వేసవంతా చూసుకుంటారు. మన వేసవిని ఈ మొక్కలు తట్టుకోలేవు. మన చలికాలం మాత్రం వాళ్ల వేసవిలాగే హాయిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ వీటిని చలికాలంలో పెంచుతాం.

లెక్క ఇలా ఉంటుంది. దసరా అటూ ఇటూగా నారు పోస్తాం. కార్తీకంలో మడుల్లో నాటుతారు. సంక్రాంతికి మొగ్గలు, కొన్నిటికి పూలు. మాఘంలో మడి నిండిపోతుంది. ఆ తర్వాత ఎండ ముదిరేకొద్దీ మొక్క పూయడం తగ్గించి గింజ కట్టడం మొదలుపెడుతుంది. ఏడాదిలోపే బతుకు ముగించే మొక్కల స్వభావం అది. వేడి తగిలితే తొందరగా విత్తనం వేసేసి ఎండిపోతాయి. వాడిన పూలని మాలీలు రోజూ తుంచుతూ ఉంటే ఇంకో రెండు మూడు వారాలు లాగుతాయి, అంతకంటే కష్టం. ఫాల్గుణం చివరికి మడి పీకేసి, మట్టి తిరగేసి, వేసవి మొక్కలకి సిద్ధం చేస్తారు. మీరు వెళ్దామనుకున్నది సరిగ్గా ఆ సమయంలో.

ఇందులో రెండు మెలికలున్నాయి.

ఒకటి, నేను పండగల లెక్క చెప్పాను గానీ మొక్క ఎండనీ చలినీ చూస్తుంది, తిథిని చూడదు. అధిక మాసం వచ్చాక పండగలు ఇంగ్లీషు తేదీల లెక్కన ఆలస్యంగా వస్తాయి. 2024లో శివరాత్రి మార్చి 8న వచ్చింది. 2026లో ఫిబ్రవరి 15నే వచ్చింది. శివరాత్రి మార్చిలో పడిన ఏడాది మీరు రథసప్తమికి దగ్గరగా వెళ్లండి. ఫిబ్రవరి మధ్యలోనే పడితే శివరాత్రి అయ్యాక ఒక వారం కూడా బాగానే ఉంటుంది. పంచాంగం వద్దనుకుంటే జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి ఇరవై దాకా అని గుర్తుపెట్టుకోండి.

రెండోది తుఫాను. మన తీరంలో అక్టోబర్ అంటే భయమే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర. రెండూ నారు మడుల మీద ఉన్న రోజులే. అలాంటి ఏడాది నారు మళ్లీ పోసుకోవాలి, పూత రెండు మూడు వారాలు ఆలస్యమవుతుంది. దసరా తర్వాత పెద్ద వాన పడిన సంవత్సరం ప్రయాణం ఫిబ్రవరి రెండో సగానికి పెట్టుకోవడం మంచిది. ఈ ఒక్క సంగతి గమనించుకుంటే చాలామందికి దొరకని నిండు తోట మీకు దొరుకుతుంది.

గులాబీల లెక్క ఇంకోలా ఉంటుంది. మొక్క ఏళ్ల తరబడి బతుకుతుంది, ఏప్రిల్‌లో కూడా పూస్తుంది. కానీ మంచి తోటల్లో వానలు పోయాక కొమ్మలు కత్తిరిస్తారు. కత్తిరించిన 45 నుంచి 50 రోజులకి మొదటి విరగబూత వస్తుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వచ్చే పూవు పెద్దది, రేకు దళసరిగా, రంగు నిండుగా ఉంటుంది. ఏప్రిల్ గులాబీ చిన్నగా విచ్చుకుంటుంది, రేకు అంచులు మాడతాయి, ముదురు ఎరుపు పూవు మధ్యాహ్నానికి నల్లబారుతుంది. చామంతి కోసమైతే ఫిబ్రవరికే ఆలస్యం. పగలు కురచైనప్పుడే మొగ్గ తొడిగే మొక్క కాబట్టి దాని వైభవం డిసెంబర్, జనవరిలోనే చూడాలి.

ఇక ఏకామ్ర కానన్ గురించి. నయాపల్లిలో ఉంది. 1985లో మొదలైన రీజినల్ ప్లాంట్ రిసోర్స్ సెంటర్ దీన్ని చూసుకుంటుంది. పేరులో ఉన్నట్టే ఇది మొక్కల మీద పని చేసే సంస్థ. అందుకే పూల మడులతో పాటు చెట్ల తోపులు, గులాబీ తోట, చెరువు, వెయ్యికి పైగా రకాలున్న కాక్టస్ విభాగం, అన్నీ ఒకే చోట ఉంటాయి. చాలా విశాలం. ఒక్క పూటలో మొత్తం తిరిగేద్దామనుకుంటే పెద్దవాళ్లు అలిసిపోతారు, పిల్లలు విసిగిపోతారు. టికెట్, తెరిచే వేళలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు రోజు ఒకసారి చూసుకోండి.

రాయగడ నుంచి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే పొద్దున్న భువనేశ్వర్‌లో దిగుతారు. చాలామంది దిగగానే లింగరాజ స్వామి దర్శనం, ఆ తర్వాత ఖండగిరి, భోజనం అయ్యాక సాయంత్రం తోట అని పెట్టుకుంటారు. నా మాట విని తోటని సాయంత్రానికి పెట్టుకోకండి. రైలు దిగిన రోజు పెద్దవాళ్లని విశ్రాంతి తీసుకోనిచ్చి గుడి చూసుకోండి. మర్నాడు పొద్దున్నే, గేటు తెరిచే వేళకి తోట దగ్గర ఉండండి.

పొద్దున్న ఎందుకంటే, పూల వాసన రేకుల్లోని నూనెల నుంచి వస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ ఆ నూనెలు ఆవిరైపోతాయి. అందుకే అత్తరు కోసం గులాబీలని తెల్లవారుజామునే కోస్తారు. పది దాటాక అదే పూవు దగ్గర ముక్కు పెట్టినా సగం వాసన కూడా ఉండదు. పైగా రాత్రి చల్లదనానికి కాడలు నిటారుగా ఉంటాయి, రేకులు బిగువుగా ఉంటాయి. ఫొటోలకి కూడా వాలు వెలుతురు మంచిది, నడినెత్తి ఎండలో ఎర్రపూలు ఫొటోలో ముద్దగా వస్తాయి. సాయంత్రం వెలుతురు బాగానే ఉంటుంది గానీ జనం ఎక్కువ, ఆదివారం సాయంత్రమైతే మరీను. బుధ, గురువారాల్లో పొద్దున్న వెళ్తే మాలీలతో నాలుగు మాటలు మాట్లాడే వీలు కూడా ఉంటుంది. మీకు ఒడియా వచ్చే ఉంటుంది కదా, తప్పకుండా మాట్లాడండి. బోర్డు మీద లేనిది వాళ్లు చెప్తారు. ఏ మూల మడి ఈ వారం బాగుందో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

నాన్నగారి సంగతి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లలో కొందరికి నడక కంటే నిలబడటం ఎక్కువ బాధ. పూలతోటలో మనం అడుగు వేసి ఆగుతాం, ఇంకో అడుగు వేసి ఆగుతాం. తెలియకుండానే గంటసేపు నిలబడే ఉంటాం. అందుకని మడత కుర్చీ ఒకటి వెంట ఉంచుకోండి, బరంపురం బజారులో కూడా తేలికపాటివి దొరుకుతున్నాయి. గులాబీ తోట, దాని దగ్గర్లో ఉన్న మడులు, ఈ రెండే ఆయన కోసం పెట్టుకోండి. మిగతా చోట్లకి మీరు పిల్లలతో వెళ్లి రండి. మా బంధువుల్లో ఒక పెద్దావిడని ఇలాగే తీసుకెళ్లాం. హాలీహాక్స్ మడి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెడితే, మేమంతా తోట తిరిగొచ్చేసరికి ఆవిడ ఆ ఒక్క మడిలో మేమెవరం చూడనివి చూశారు. కింది పూలు రాలుతుంటే పైన మొగ్గలు వరుసగా ఎలా విచ్చుతున్నాయో, తేనెటీగ ఏ రంగు దగ్గరికి ఎక్కువసార్లు వెళ్తోందో మాకు చెప్పారు. అమ్మగారికి పూలంటే ప్రాణం అని రాశారు కాబట్టి, ఇద్దరినీ ఒకే చోట కాసేపు కూర్చోనివ్వండి. తోట మొత్తం చూపించాలన్న ఆత్రం వద్దు.

బాబు ఆయాసం గురించి చాలామందికి అనవసరమైన భయం ఉంటుంది. రంగురంగుల పూలు పూసే మొక్కలు తేనెటీగల కోసం, సీతాకోకచిలుకల కోసం పూస్తాయి. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో పెద్దగా ఎగరదు. గాలికి ఎగిరి ముక్కులోకి వెళ్లేది ఎక్కువగా గడ్డిజాతుల పుప్పొడి, రోడ్డు పక్కన పెరిగే వయ్యారిభామ పుప్పొడి. అంటే పూల మడి కంటే తోట బయట ఖాళీ స్థలమే బాబుకి ఎక్కువ ఇబ్బంది. అయినా పూలలో ముఖం పెట్టి గట్టిగా పీల్చనివ్వకండి. కొందరికి ఘాటు వాసనే పడదు. డాక్టర్ రాసిచ్చిన ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, మీ చేతిలోనే ఉండాలి. ఆ వారంలో ఆయాసం వచ్చి ఉంటే డాక్టర్‌ని అడిగే బయల్దేరండి.

తేనెటీగలు ఉంటాయి. పూలున్న చోట అవి లేకపోతే ఆ తోటకి మందు ఎక్కువ కొట్టారని నాకు అనుమానం వస్తుంది. చేతులు విసరకుండా ఉంటే వాటి పని అవి చూసుకుంటాయి. కుడితే ముల్లుని వీలైనంత త్వరగా గోటితో గీరి తీసేయండి, చల్లటి నీళ్ల గుడ్డ పెట్టండి. పెదాలు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా ఆస్పత్రికే. చెట్టు కొమ్మకి పెద్ద తేనెపట్టు కనిపిస్తే ఆ కింద నిలబడకండి, పిల్లలు రాయి విసరకుండా చూసుకోండి.

కాక్టస్ విభాగంలో పిల్లల చెయ్యి వదలకండి. పెద్ద ముళ్లు కనిపిస్తాయి కాబట్టి వాటిని పిల్లలే ముట్టుకోరు. నాగజెముడు జాతివాటి మీద ముళ్ల మొదట్లో సన్నటి నూగు ఉంటుంది. అది మెత్తగా కనిపిస్తుంది, ముట్టుకుంటే వందలకొద్దీ వెంట్రుకల్లాంటి ముళ్లు చర్మంలో దిగుతాయి. రుద్దకూడదు. సెల్లోటేప్ అతికించి లాగితే చాలావరకు వచ్చేస్తాయి. మా నర్సరీలో టేపు చుట్ట ఎప్పుడూ అందుబాటులో ఉంచుతాం.

పిల్లలకి తోట విసుగు రాకూడదంటే వాళ్లకి పని ఇవ్వండి. స్నాప్‌డ్రాగన్ పూవుని రెండు పక్కలా మెల్లగా నొక్కితే నోరు తెరుస్తుంది. కోయకుండానే చూపించొచ్చు. గులాబీ తోటలో కళ్లు మూసుకుని వాసన బట్టి పూవుని గుర్తుపట్టమనండి. అప్పుడు వాళ్లకే తెలుస్తుంది, షోకైన పెద్ద గులాబీల్లో చాలావాటికి వాసనే ఉండదని. అవి రంగు, పరిమాణం, కోశాక ఎన్నాళ్లు నిలుస్తాయన్నది చూసి తయారుచేసిన రకాలు. దండలకి వాడే నాటు గులాబీకి, పన్నీరు గులాబీకి ఉన్న వాసన వాటికి రాదు. ఇది తెలిశాక ఇంట్లో కుండీలో ఏ మొక్క పెట్టుకోవాలో పిల్లలే చెప్తారు.

ఇప్పుడు ఏప్రిల్ తప్ప కుదరదు అంటే ఏం చేయాలో చెప్తాను. నాకు దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే ఏప్రిల్‌లో మన వైపు చూడాల్సింది బోలెడు ఉంది. అది మడుల్లో ఉండదంతే.

ఏకామ్ర కానన్‌కే వెళ్తే తల పైకెత్తి చూడండి. అది బొటానికల్ గార్డెన్ కాబట్టి చెట్లు దండిగా ఉంటాయి. ఏ బొటానికల్ గార్డెన్‌లోనైనా ఏప్రిల్‌లో నేను ముందు వెతికేది అసలైన అశోక చెట్టుని. వీధుల్లో స్తంభంలా నిటారుగా పెరిగేదాన్ని మనవాళ్లు అశోకం అంటారు గానీ అది వేరే జాతి. అసలు అశోకం గుబురుగా ఉంటుంది, కొమ్మలకి అంటుకుని నారింజ రంగు గుత్తులు పూస్తుంది, పాతబడేకొద్దీ ఎరుపెక్కుతుంది. నాగలింగం చెట్టు కనిపిస్తే బాబుకి చూపించండి, మాను మీదే పూస్తుంది, పువ్వు లోపల పడగలాంటి ఆకారం ఉంటుంది. నెల చివరికి రేల, తురాయి మొదలవుతాయి. కాగితం పూలు ఎండ ముదిరేకొద్దీ ఇంకా రంగెక్కుతాయి, నీళ్లు తక్కువైతేనే వాటికి పూత ఎక్కువ. మడుల్లో గడ్డి గులాబీ, జీనియా, బొడ్డుమల్లి వేసి ఉండొచ్చు. గడ్డి గులాబీ ఎండ తగిలితేనే విచ్చుకుంటుంది, కాబట్టి దాని కోసం తొమ్మిది దాటాక రావాలి. ఏప్రిల్‌లో పదిన్నరకల్లా పెద్దవాళ్లు నీడలోకి చేరిపోవాలి.

అంత దూరం వెళ్లకుండా మీ దగ్గర్లోనే ఉన్నది ఇంకొకటి ఉంది. రాయగడ, కోరాపుట్ అడవుల్లో మార్చి, ఏప్రిల్ అంటే ఇప్పపూల కాలం. పువ్వు రాత్రి విచ్చి తెల్లవారేసరికి రాలుతుంది. అయిదున్నరకి చెట్టు కిందికి వెళ్తే నేలంతా లేత పసుపు ముత్యాలు పరిచినట్టు ఉంటుంది, గాలి తియ్యగా వాసన వేస్తుంది. పరిచయం ఉన్న ఊరికే వెళ్లండి, అడిగి వెళ్లండి. ఏ చెట్టు కింద ఏ కుటుంబం ఏరుకోవాలో ఊళ్లలో కట్టుబాటు ఉంటుంది, అందుకోసం వాళ్లు కింద ఆకులు ఊడ్చి నేల శుభ్రం చేసుకుని ఉంటారు. అది వాళ్ల ఏడాది ఆదాయంలో భాగం. పిల్లలు తొక్కకుండా, ఏరకుండా చూసుకోండి. సాల్ చెట్లు కూడా అప్పుడే పూస్తాయి, కొండవాలు మొత్తం లేత రంగుకి మారుతుంది. దీనికి టికెట్ లేదు, బెంచీలు లేవు, కాబట్టి నాన్నగారు కారులో కూర్చునే చూడగలిగే రోడ్డు పక్క చోటు చూసుకోండి.

మూడోది అరకు. రాయగడ నుంచి కోరాపుట్ మీదుగా రైలులో వెళ్లొచ్చు, దారంతా సొరంగాలు, లోయలు, పిల్లలకి ప్రయాణమే పండగ. అరకులో పద్మాపురం గార్డెన్స్ ఉంది. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం నాడు సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి తీరంలో కంటే మడులు కొన్నాళ్లు ఎక్కువ నిలుస్తాయి. అయినా ఏప్రిల్‌లో అరకు వెళ్లమని నేను చెప్పేది కాఫీ పూత కోసం. కాఫీ మొక్క మొగ్గలు తొడిగి వాన కోసం ఎదురుచూస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి జల్లు పడితే ఎనిమిది, పది రోజులకి తోటంతా ఒకేసారి తెల్లగా పూస్తుంది, మల్లెల్లాంటి వాసన. రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. అందుకని తేదీ ముందే పెట్టుకోలేరు. అరకులోనో కోరాపుట్‌లోనో తెలిసినవాళ్లుంటే వాన పడిన రోజు ఫోన్ చేయమనండి, అప్పుడు టికెట్ తీసుకోండి. వలిసె పూల పసుపు చేల కోసం అడుగుతుంటారు కొందరు. అవి అక్టోబర్, నవంబర్ సంగతి. మన గంజాం మొగలిపూలకి అసలైన సీజన్ వానాకాలం.

దూరమైనా సరే, ఎండాకాలం సెలవుల్లోనే మడుల నిండా పూలు చూడాలంటే ఎత్తుకి వెళ్లాలి. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది, అక్కడి బొటానికల్ గార్డెన్ 1848 నాటిది, ఏటా మే నెలలో పూల ప్రదర్శన పెడతారు, మొక్కలని ఆ నెలకి పూసేలా నాటుతారు. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల కింద ట్యులిప్ తోట 2007లో తెరిచారు, దాదాపు 30 హెక్టార్లు. మార్చి చివర్లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది, పూత ఉండేది మూడు నాలుగు వారాలే. "ట్యులిప్ మన దగ్గర పెంచలేమా" అని నన్ను అడిగేవాళ్లున్నారు. ఆ దుంపకి వారాల తరబడి గట్టి చలి తగిలితేనే లోపల పువ్వు సిద్ధమవుతుంది. మన తీరంలో అంత చలి రాదు. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యాన్‌లో ట్యులిప్‌లు కనిపిస్తాయంటే, చలిలో ఉంచి సిద్ధం చేసిన దుంపలు నాటడం వల్లే. ఆ తోట ఫిబ్రవరి, మార్చిల్లో జనానికి తెరుస్తారు. టికెట్ లేదు, ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకోవచ్చు, సోమవారం మూసి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారితో శ్రీనగర్ కంటే ఢిల్లీ తేలిక.

చివరగా అమ్మగారి కోసం ఒక మాట. పూలంటే ఇష్టమున్నవాళ్లు తోటలోంచి ఒక పువ్వో, కొమ్మో, గింజో తెచ్చుకోవాలనుకుంటారు. నాకు ఆ ఆశ అర్థమవుతుంది. ఒక పూవు కోస్తే మొక్క చావదు, ఇంకో మొగ్గ వేస్తుంది. చేటు చేసేది కోయడానికి మడిలో వేసే అడుగు. తడి మట్టి అణిగిపోయి వేళ్లకి గాలి అందదు, వారం తిరక్కుండా అక్కడ మొక్క పసుపెక్కుతుంది. గింజ తెచ్చినా లాభం తక్కువ. పార్కుల్లో వేసే పిటూనియా వంటివి చాలావరకు హైబ్రిడ్‌లు, ఆ గింజ వేస్తే అదే పూవు రాదు. అమ్మగారికి నచ్చిన పూల దగ్గర బోర్డు మీద పేరు ఫొటో తీసుకోండి. ఆ పేరుతో అక్టోబర్‌లో నర్సరీలో అడిగితే నారు దొరుకుతుంది. మన వైపు నర్సరీలకి చాలా మొక్కలు రాజమండ్రి దగ్గర కడియం నుంచే వస్తాయి, మా దగ్గర లేనిది అక్కడి నుంచి తెప్పించి ఇస్తాం.

గులాబీ మొక్క మాత్రం ఏప్రిల్‌లో కొనిపించకండి. రాయగడ ఎండకి కొత్త వేరు పట్టకముందే వాడిపోతుంది. నవంబర్‌లో కొని, పొద్దుటి ఎండ పడే చోట పెట్టి, అంటు కట్టిన ముడి మట్టిలో కూరుకుపోకుండా నాటండి. ముడి కింద నుంచి వచ్చే చిగురుని ఎప్పటికప్పుడు తీసేయాలి, అది అడవి గులాబీ, బలమంతా అదే లాగేసుకుంటుంది.

మీరు ఫిబ్రవరికి మార్చుకుంటే హీరాఖండ్‌లో లోయర్ బెర్తులకి ముందే చూసుకోండి, శివరాత్రి దగ్గర పడేకొద్దీ దొరకవు. ఏప్రిల్‌కే ఖాయమైతే అరకు, ఏకామ్ర కానన్ రెండిట్లో ఏది అనుకుంటున్నారో ఇక్కడే రాయండి, ఆ వారంలో ఏమేం పూసి ఉండొచ్చో చెప్తాను.